ఇంటి వైఫై సర్వేకి మంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏది? మేడ మీద వెనక గదిలో వీడియో కాల్ ఆగిపోతోంది

మేడగది అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది జీ ప్లస్ వన్ ఇల్లు, ఒక్కో అంతస్తు సుమారు 1100 చదరపు అడుగులు. బయటి గోడలు తొమ్మిదంగుళాల ఇటుక, లోపలివి నాలుగున్నర అంగుళాలు. ఫైబర్ తీగ వీధి వైపు నుంచి వచ్చింది కాబట్టి రౌటర్ కింద హాల్లో, టీవీ పక్కన గోడకి బిగించారు. ప్లాన్ 200 ఎంబీపీఎస్. మేడ మీద వెనక పడగ్గదిలో వీడియో కాల్ మాటిమాటికీ ఆగిపోతోంది. ఫోన్‌లో మాత్రం వైఫై గీతలు రెండో మూడో కనిపిస్తూనే ఉంటాయి.

ఎక్స్‌టెండర్ కొనెయ్యమని అందరూ చెబుతున్నారు. కొనే ముందు ఏ గదిలో ఎంత సిగ్నల్ ఉందో కొలిచి చూడాలని ఉంది. ఇంటి ప్లాను మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మ్యాపు చూపించే సాఫ్ట్‌వేర్లు వెతికితే దాదాపు అన్నీ డబ్బు కట్టేవే, లేదంటే కొన్ని రోజుల ట్రయల్. ఉచితమన్న ఫోన్ యాప్‌లు లొకేషన్ అడుగుతూ ప్రకటనలు చూపిస్తున్నాయి. అందుకే ఓపెన్ సోర్స్‌లో ఏమున్నాయో అడుగుతున్నా.

నా దగ్గరున్నవి: ఉబుంటు ల్యాప్‌టాప్, అందులో ఇంటెల్ వైఫై కార్డు. ఆండ్రాయిడ్ 12 ఫోన్. కింద ఒక పాత డెస్క్‌టాప్, దాన్ని తీగతో రౌటర్‌కి కలపొచ్చు. దీనికి ప్రత్యేకంగా యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఏమైనా కొనాలా?

తరంగం సమాధానం

అడాప్టర్ కొనొద్దు, మీ దగ్గరున్నవి సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ పేర్లు చెప్పే ముందు ఒక మాట. మీరు కొలవాల్సినవి మూడు వేరువేరు సంగతులు, మూడింటినీ బాగా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటంటూ లేదు. మొదటిది సిగ్నల్ బలం, అంటే రౌటర్ గొంతు ఆ గదిలో ఎంత గట్టిగా వినబడుతోందన్నది. రెండోది ఆ ఛానెల్లో చుట్టుపక్కల వాళ్ల రద్దీ. మూడోది ఇంతా అయ్యాక నిజంగా చేరే డేటా వేగం. ఫోన్‌లో గీతలు చూపించేది మొదటిదాన్ని మాత్రమే, అదీ ఉరామరిగా. గీతలుండీ కాల్ ఆగిపోతోందంటే తక్కిన రెండూ చూడక తప్పదు.

ముందు ఫోన్‌తో మొదలుపెట్టండి. ఎఫ్-డ్రాయిడ్‌లో, అంటే ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే స్టోర్‌లో, వైఫైఎనలైజర్ అని ఒక యాప్ ఉంది. వీఆర్‌ఈఎం వాళ్లది, జీపీఎల్ 3 లైసెన్సు, ప్రకటనలు ఉండవు, ఇంటర్నెట్ అనుమతే అడగదు. ప్లే స్టోర్‌లోనూ ఉంది కానీ దాదాపు ఇదే పేరుతో ఓపెన్ సోర్స్ కానివి కూడా ఉన్నాయి, పేరు పక్కన ఓపెన్ సోర్స్ అని ఉన్నదే తీసుకోండి. లొకేషన్ ఇది కూడా అడుగుతుంది. అది యాప్ తప్పు కాదు. చుట్టూ ఉన్న రౌటర్ల జాబితాని బట్టి మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టొచ్చు కాబట్టి, లొకేషన్ ఆన్‌లో లేకపోతే ఆండ్రాయిడే ఏ యాప్‌కీ స్కాన్ ఫలితాలు ఇవ్వదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆండ్రాయిడ్ 9 నుంచి, తెరమీదున్న యాప్ రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్లకి మించి చెయ్యలేదు. అంటే మీరు వంటింట్లోంచి పడగ్గదిలోకి నడిచి వచ్చినా తెరమీద ఇంకా వంటింటి అంకెలే ఉండొచ్చు. ఆండ్రాయిడ్ 10 నుంచి దీన్ని ఆపుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల్లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి, డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులో వైఫై స్కాన్ థ్రాట్లింగ్ అన్నది ఆఫ్ చెయ్యండి. పని అయ్యాక మళ్లీ ఆన్ చెయ్యండి, లేకపోతే బ్యాటరీ తింటుంది.

తర్వాత ఒక కాగితం మీద రెండు అంతస్తుల ప్లానూ చేత్తో గీయండి. ప్రతి గదిలో మధ్యన ఒక చోటు, ఆ గదిలో నిజంగా ఫోనో ల్యాప్‌టాపో వాడే చోటు ఇంకొకటి, అంటే మంచం, బల్ల, సోఫా. తలుపులు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. ప్రతి చోట 20 సెకన్లు కదలకుండా నిలబడండి, ఫోన్ ఎప్పుడూ ఒకే ఎత్తులో, ఒకే రకంగా పట్టుకోండి. మీ ఒళ్లు రౌటర్‌కీ ఫోన్‌కీ మధ్య అడ్డు పడితేనే సిగ్నల్ కొన్ని డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) పడిపోతుంది. అందుకని ఒకసారి అటు తిరిగి, ఒకసారి ఇటు తిరిగి, రెండు అంకెల మధ్యది రాసుకోండి.

ఒక స్కాన్‌లో మీ రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులు రెండూ విడివిడి వరసల్లో వస్తాయి. ఫోన్ ఏ బ్యాండుకి కలిసి ఉన్నా పరవాలేదు, రెండు అంకెలూ రాసుకోండి.

అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకి దగ్గరైన కొద్దీ మంచిది. -50 అంటే చాలా బాగుంది. వీడియో కాల్‌కి -67 దాకా నిశ్చింతగా ఉండొచ్చు. -70 దాటితే పేజీలు తెరుచుకుంటాయి కానీ కాల్ కుదుపులు మొదలవుతాయి. -80 దగ్గర అసలు నిలబడదు. ఇది మామూలు కొలబద్ద కాదు. 3 డీబీ తగ్గితే అందే శక్తి సగమైపోయినట్టు, 10 తగ్గితే పదోవంతు అయినట్టు. -60కీ -70కీ తేడా చూడ్డానికి చిన్నదే, నిజానికి పదింతలు.

ఇదే పని ల్యాప్‌టాప్‌లో చెయ్యాలంటే వేవ్‌మాన్ వేసుకోండి, ఉబుంటు భాండారంలోనే ఉంది. టెర్మినల్లో నడుస్తుంది. ఎఫ్1 నొక్కితే ఇప్పుడు కలిసున్న రౌటర్ సిగ్నల్, ఎఫ్2 నొక్కితే కాలంతో పాటు కదిలే గ్రాఫ్, ఎఫ్3 నొక్కితే చుట్టూ ఉన్నవన్నీ. స్కాన్ కోసం సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడపాలి. ఆ గ్రాఫ్ ఉంది చూశారూ, రౌటర్‌ని ఒక అడుగు పక్కకి జరిపితే ఎంత తేడా వస్తుందో చూడ్డానికి దాన్ని మించింది లేదు.

పెంగ్విన్_గూడు సమాధానం

మీరు అడిగిన రంగుల మ్యాపు సంగతి నేను చెబుతాను. లినక్స్‌లో ఓపెన్ సోర్స్‌వి ముఖ్యంగా మూడున్నాయి.

ఒకటి పైథాన్ వైఫై సర్వే హీట్‌మ్యాప్. పైథాన్‌లో రాసింది. ప్లాను బొమ్మ తెరిచి, మీరు నిలబడ్డ చోట క్లిక్ చేస్తే సిగ్నల్ కొలిచి, ఐపెర్ఫ్3తో (రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ప్రోగ్రాము) వేగం కూడా కొలిచి జేసన్ ఫైల్లో దాచుకుంటుంది. తర్వాత రెండో కమాండు ఆ ఫైలు చదివి సిగ్నల్‌కి ఒకటి, అప్‌లోడ్‌కి ఒకటి, డౌన్‌లోడ్‌కి ఒకటి, జిట్టర్‌కి (ప్యాకెట్లు చేరే సమయంలో హెచ్చుతగ్గులు) ఒకటి చొప్పున బొమ్మలు గీస్తుంది. డాకర్ ఇమేజ్ ఉంది. అలా నడిపితే హోస్ట్ నెట్‌వర్కు, ప్రివిలేజ్డ్ హక్కులు ఇవ్వడం మరవకండి, అవి లేకపోతే లోపలి ప్రోగ్రాముకి వైఫై కార్డే కనిపించదు.

రెండోది వైఫై హీట్ మ్యాపర్, కమాండు పేరు డబ్ల్యూహెచ్ఎం. మూడు దశలు: బూట్‌స్ట్రాప్, బెంచ్‌మార్క్, ప్లాట్. మొదట ఏమేం కొలవాలో అడిగి కాన్ఫిగ్ ఫైలు రాసుకుంటుంది, తర్వాత కొలుస్తుంది, ఆఖర్న గీస్తుంది. ఇవి రెండూ పైథాన్ లైబ్రరీల మీద ఆధారపడ్డవే. కొత్త ఉబుంటులో నేరుగా పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే కమాండు) వేయబోతే సిస్టం ఒప్పుకోదు. విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో వేయండి. బలవంతపు ఆప్షన్ ఇచ్చి సిస్టం పైథాన్‌లో మాత్రం కలపకండి, తర్వాత విప్పడం కష్టం.

మూడోది వైఫై-హీట్‌మ్యాపర్, పేరు దాదాపు అదే కానీ వేరే ప్రాజెక్టు. నోడ్ జేఎస్ మీద నడుస్తుంది, మ్యాపు బ్రౌజర్లో 3000 పోర్టు దగ్గర కనిపిస్తుంది. మ్యాక్, విండోస్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. పైథాన్ గొడవ వద్దనుకుంటే ఇదే మేలు.

ఈ మూడింట్లో ఏది వాడినా వేగం కొలవాలంటే వెనకాల ఐపెర్ఫ్3 సర్వర్ కావాలి. మీ పాత డెస్క్‌టాప్ అందుకే. దాన్ని తీగతో రౌటర్‌కి కలిపి ఐపెర్ఫ్3 వేసి, హైఫన్ ఎస్ ఆప్షన్‌తో నడిపి వదిలెయ్యండి. ఫైర్‌వాల్ ఉంటే 5201 పోర్టు తెరవండి. డెస్క్‌టాప్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ప్యాకెట్టూ గాల్లో రెండుసార్లు ప్రయాణం చేసి వేగం దాదాపు సగమే చూపిస్తుంది, కాబట్టి తీగ తప్పనిసరి. ఐపెర్ఫ్3 సర్వర్ ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడుతుంది. ఫోన్ నుంచీ ల్యాప్‌టాప్ నుంచీ ఒకేసారి కొలవబోతే సర్వర్ బిజీ అని వస్తుంది, కంగారు పడకండి.

ఇంటర్నెట్ స్పీడ్ టెస్టు సైట్లు ఈ పనికి పనికిరావు. మీ ప్లాన్ 200 దగ్గర ఆగిపోతుంది, వైఫై 400 ఇస్తోందో 250 ఇస్తోందో తెలియదు. సాయంత్రం వాళ్ల సర్వరు నెమ్మదించినా నెపం వైఫై మీద పడుతుంది.

కొలిచే ముందు చెయ్యాల్సిన రెండు పనులు. ల్యాప్‌టాప్ వైఫై పవర్ సేవ్ ఆఫ్ చెయ్యండి, ఐడబ్ల్యూ కమాండుతో చెయ్యొచ్చు. అది ఆన్‌లో ఉంటే కార్డు మధ్యమధ్యలో నిద్రపోయి జిట్టర్ అంకెలు పాడవుతాయి. రెండోది, బ్యాండు బిగించండి. రెండు బ్యాండులకీ ఒకే పేరుంటే నడుస్తూ ఉండగా ల్యాప్‌టాప్ 5 నుంచి 2.4కి దూకేస్తుంది. అప్పుడు మ్యాపులో సగం ఒక బ్యాండుదీ సగం ఇంకోదీ కలిసిపోయి దేనికీ పనికిరాదు. రౌటర్లో రెండు బ్యాండులకీ వేరే పేర్లు పెట్టండి, లేదా నెట్‌వర్క్ మేనేజర్ కనెక్షన్ సెట్టింగుల్లో బ్యాండు ఎంచుకోండి. ఒక్కో బ్యాండుకి ఒక సర్వే.

ప్లాను బొమ్మకి స్వీట్ హోమ్ 3డీ వాడొచ్చు, అదీ ఓపెన్ సోర్సే. టేపుతో గదులు కొలిచి గీసి పీఎన్‌జీగా తీసుకోండి. అంత ఓపిక లేకపోతే చేత్తో గీసిన ప్లాను నిటారుగా ఫొటో తీసినా పనిచేస్తుంది. కాకపోతే గదుల నిష్పత్తి సరిగ్గా ఉండాలి.

రాగితీగ సమాధానం

పెంగ్విన్ గారు చెప్పినవన్నీ సరైనవే కానీ మ్యాపు రంగుల్ని నమ్మే ముందు ఒకటి తెలుసుకోండి. ఆ సాఫ్ట్‌వేర్‌కి మీ గోడలు తెలియవు. బొమ్మలో గీతలున్నాయి కాబట్టి గోడలు చూస్తోందని అనిపిస్తుంది, కానీ దానికి అది వట్టి బొమ్మ. మీరు క్లిక్ చేసిన చుక్కల మధ్య ఖాళీని లెక్కగట్టి నునుపుగా రంగు నింపుతుంది, అంతే. హాల్లో -45, వెనక గదిలో -75 వస్తే మధ్య గోడ దగ్గర -60 అని రంగు వేస్తుంది. నిజానికి గోడకి ఇటు -52, అటు -68 ఉండొచ్చు. అందుకని ప్రతి గోడకీ అటొక చుక్క, ఇటొక చుక్క తప్పకుండా పెట్టండి. మీ ఇంట్లో అంతస్తుకి 15 నుంచి 20 చుక్కలు కావాలి. ఆరేడు చుక్కలతో వచ్చిన అందమైన మ్యాపు కన్నా కాగితం మీద రాసిన 15 అంకెలే నయం. చుక్కకి నిమిషం చొప్పున రెండు బ్యాండులకీ కలిపి అంతస్తుకి ఇంచుమించు 40 నిమిషాలవుతుంది.

కిందా పైనా కలిపి ఒకే మ్యాపు గీయొద్దు. ఏ అంతస్తుకి ఆ ప్లానే.

గోడల్లో కూడా అన్నీ ఒకటి కావు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కొంచెం తింటుంది. తొమ్మిదంగుళాల గోడా, స్లాబూ చాలా తింటాయి, 5 గిగాహెర్ట్జ్‌ని మరీనూ. మీ రౌటర్ కింద ముందు హాల్లో ఉంది, గది పైన వెనకుంది. అంటే సిగ్నల్ స్లాబుని నిట్టనిలువుగా కాక ఏటవాలుగా దాటాలి. ఆరంగుళాల స్లాబు ఏటవాలు దారిలో తొమ్మిది, పదంగుళాల పైన అవుతుంది, లోపల ఇనుప కడ్డీల వల కూడా ఉంటుంది. ఇక ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్ లాంటివి లోహపు తలాలు, వాటి వెనక నీడలాగా సిగ్నల్ పడిపోతుంది. మంచం తలవైపు గోడకి అవతల బీరువా ఉందేమో చూడండి.

రద్దీ కొలవడం మీద ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టండి. ముందు, ఐడబ్ల్యూ డెవ్. మీ కార్డు పేరు చూపిస్తుంది, డబ్ల్యూఎల్‌తో మొదలవుతుంది. తర్వాత సుడో ఐడబ్ల్యూ డెవ్, కార్డు పేరు, స్కాన్. చాలా పొడుగు జాబితా వస్తుంది. ప్రతి రౌటర్ కిందా బీఎస్ఎస్ లోడ్ అన్న భాగం కోసం చూడండి. అన్ని రౌటర్లూ దాన్ని పంపవు, పంపేవి దొరికితే మాత్రం బంగారమే. అందులో స్టేషన్ కౌంట్ అంటే ఆ రౌటర్‌కి ఎన్ని పరికరాలు కలిసున్నాయో, ఛానెల్ యుటిలైజేషన్ అంటే 255కి ఎంత భాగం ఆ ఛానెల్ మాటలతో నిండి ఉందో. 128 అంటే సగం సమయం ఛానెల్ ఖాళీ లేదన్నమాట.

ఉదయం పది గంటలకి ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య ఒకసారి కొలవండి. సిగ్నల్ బలం రెండుసార్లూ దాదాపు ఒకటే వస్తుంది. రద్దీ, వేగం మారిపోతాయి. రెండూ వేరని కళ్లకి కట్టేది ఇదే.

2.4లో మనకి 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నా ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా ఉందని 3నో 4నో పెట్టుకుంటే 1లో వాళ్ల గోలా, 6లో వాళ్ల గోలా రెండూ మీకే. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ ఇబ్బంది తక్కువ. 2018 అక్టోబరులో కేంద్రం 5150 నుంచి 5350 దాకా, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాక మనకి చోటు బాగా పెరిగింది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లలో మాత్రం రౌటర్ రాడార్ ఉందేమోనని ముందు ఒక నిమిషం వింటుంది, రాడార్ వినబడితే ఛానెల్ మార్చేస్తుంది. సర్వే మధ్యలో ఛానెల్ మారిందేమో చూసుకుంటూ ఉండండి. 36 గానీ 149 గానీ పెట్టుకుంటే ఈ బాధ లేదు.

ఇంకొకటి, రౌటర్ వైపు నుంచి కూడా చూడాలి. రౌటర్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. ఫోన్‌లో -68 కనిపిస్తున్నా రౌటర్‌కి ఫోన్ -76లోనే వినబడుతూ ఉండొచ్చు. కాల్‌లో మీ బొమ్మ అవతలి వాళ్లకి ఆగిపోతుంటే ఇదే కారణం కావచ్చు. రౌటర్ పేజీలో కలిసున్న పరికరాల జాబితాలో ఒక్కోదాని సిగ్నల్ చూపిస్తే చూడండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లో వేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వేసిన రౌటర్ అయితే మొదటి పేజీలోనే ఉంటుంది, ఛానెల్ ఎనాలిసిస్ పేజీ కూడా ఉంది.

మేడగది

అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఎనిమిదిన్నరకి కొలిచాను. సిగ్నల్ ఫోన్‌తో, వేగం ల్యాప్‌టాప్‌తో ఐపెర్ఫ్3 పది సెకన్ల చొప్పున, ముందుకీ వెనక్కీ. కొన్ని చోట్లే ఇక్కడ పెడుతున్నా, సిగ్నల్ డీబీఎంలో, వేగం ఎంబీపీఎస్‌లో.

కింద హాలు, రౌటర్‌కి 3 మీటర్లు: 5లో -42, డౌన్‌లోడ్ 94. 2.4లో -39, డౌన్‌లోడ్ 22.

మెట్ల మలుపు: 5లో -61, డౌన్‌లోడ్ 94. 2.4లో -52, డౌన్‌లోడ్ 19.

మేడ మీద ముందు గది: 5లో -66, డౌన్‌లోడ్ 88. 2.4లో -57, డౌన్‌లోడ్ 19.

మేడ మీద వెనక పడగ్గది, బల్ల దగ్గర: 5లో -82, కలుస్తుంది పోతుంది, కలిసినప్పుడు 5. 2.4లో -66, డౌన్‌లోడ్ 14, అప్‌లోడ్ 8.

మా రౌటర్ 2.4లో 6వ ఛానెల్లో, 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఉంది. 6లోనే పక్కవాళ్లవి ఇంకో ఐదు. వాటిలో ఒకటి యుటిలైజేషన్ 171 చూపిస్తోంది.

తరంగం సమాధానం

చక్కగా కొలిచారు, ఇందులో రెండు జవాబులు సూటిగా దొరుకుతున్నాయి.

మొదటిది ఆ 94. రౌటర్‌కి మూడు మీటర్ల దగ్గరా 94, మెట్ల మలుపులోనూ 94. సిగ్నల్ 19 డీబీ తగ్గినా వేగం కదల్లేదంటే ఆగింది వైఫైలో కాదు, తీగలో. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ మీద ఐపెర్ఫ్3 ఇచ్చే గరిష్ఠం సరిగ్గా అంతే. డెస్క్‌టాప్‌లో ఈథ్‌టూల్ కమాండుతో స్పీడ్ చూడండి, 100 అనే ఉంటుంది. కారణాలు మూడు. ఫైబర్ రౌటర్లలో చాలావాటికి ఒక్క పోర్టే గిగాబిట్, తక్కినవి 100వి. లేదా డెస్క్‌టాప్ కార్డే పాతది. లేదా తీగలో నాలుగు జతల్లో ఒకటి తెగింది, గిగాబిట్‌కి నాలుగూ కావాలి, 100కి రెండు చాలు. ముందు పోర్టు మార్చి చూడండి, తర్వాత తీగ.

రెండోది 2.4. వెనక గదిలో 14 వచ్చిందని అది దూరం వల్ల అనుకుంటాం. కానీ రౌటర్ పక్కన -39లో కూడా 22 మాత్రమే వచ్చింది చూడండి. మూడు మీటర్ల దగ్గర 22 ఇచ్చేది ఎక్కడికెళ్లినా అంతకు మించి ఇవ్వదు. సిగ్నల్‌కి లోటు లేదు, గాల్లో ఖాళీ లేదు. 255కి 171 అంటే మూడింట రెండు వంతుల సమయం ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. పైగా మీది 40 మెగాహెర్ట్జ్ వెడల్పు, అంటే 2.4లో ఉన్న చోటులో దాదాపు సగం పరిచి కూర్చుంది, రెండు వైపుల గోలా మీకు తగులుతుంది. వెడల్పు 20కి తగ్గించండి. 1, 11 ఛానెళ్లలో యుటిలైజేషన్ ఏది తక్కువో చూసి అక్కడికి మారండి. ఆటో మీద వదలకండి, చాలా రౌటర్లు ఆటోలో ఆన్ అయినప్పుడు ఒకసారి చూసి ఊరుకుంటాయి.

ఫోన్ గీతలుండీ కాల్ ఆగిపోవడానికి కారణం ఇదే. 5 అందక ఫోన్ 2.4కి దిగుతోంది, -66కి గీతలు బాగానే వస్తాయి, దారి మాత్రం ఖాళీ లేదు.

సన్నజాజి అడిగారు

మధ్యలో వచ్చి అడుగుతున్నా, ఏమనుకోకండి. మ్యాక్‌బుక్, ఐఫోన్ ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి? మా ఇంట్లో ఆండ్రాయిడ్ ఒక్కటీ లేదు.

పెంగ్విన్_గూడు సమాధానం

ఐఫోన్‌లో చుట్టూ ఉన్న రౌటర్ల జాబితా చదివే వీలు ఆపిల్ మామూలు యాప్‌లకి ఇవ్వదు. కాబట్టి ఓపెన్ సోర్స్ స్కానర్ అక్కడ ఆశించొద్దు. ఆపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ కింద వైఫై స్కానర్ ఆన్ చేస్తే డీబీఎం అంకెలు కనిపిస్తాయి. అది ఓపెన్ సోర్స్ కాదు, ఉచితం.

మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. సిగ్నల్, నాయిస్, ఛానెల్, వేగం అక్కడే ఉంటాయి. సిగ్నల్ -60, నాయిస్ -92 అయితే తేడా 32. అది 25 పైన ఉంటే బాగున్నట్టే. మ్యాపు కావాలంటే పైన చెప్పిన మూడోది, నోడ్ జేఎస్‌ది, మ్యాక్‌లో నడుస్తుంది. సిగ్నల్ చదవడానికి సుడో పాస్‌వర్డ్ అడుగుతుంది.

విండోస్ వాళ్లకి ఒక జాగ్రత్త. అక్కడ సిగ్నల్ శాతంలో చూపిస్తారు, -50కి 100 శాతం, -100కి 0 శాతం. అంటే శాతాన్ని సగం చేసి 100 తీసేస్తే డీబీఎం వస్తుంది. 66 శాతం అంటే -67. -50 కన్నా ఎంత మెరుగైనా 100 శాతమే. ఉబుంటులో ఎన్ఎంసీఎల్ఐ కమాండు కూడా శాతమే ఇస్తుంది కానీ దాని లెక్క వేరు, రెండిటినీ పోల్చొద్దు.

మేడగది

తరంగం గారూ, మీరన్నదే. డెస్క్‌టాప్ తీగ రెండో పోర్టులో ఉంది. మొదటి పోర్టుకి మార్చాక హాల్లో 5లో 418, మెట్ల మలుపులో 236, మేడ మీద ముందు గదిలో 131. 2.4ని 20 వెడల్పుతో 11వ ఛానెల్‌కి మార్చాక హాల్లో 61, వెనక గదిలో 33, అప్‌లోడ్ 21. కాల్ ఇప్పుడు నిలబడుతోంది, రాత్రి పూట ఇంకా అప్పుడప్పుడు కుదుపు.

రెండు ప్రశ్నలు. ఎక్స్‌టెండర్ పెడితే ఎక్కడ పెట్టాలి? పక్కవాళ్లలో ఎవరి వల్ల ఛానెల్ నిండుతోందో చూడాలంటే కిస్మెట్ వాడమంటున్నారు, అవసరమా?

రాగితీగ సమాధానం

కిస్మెట్ మంచి సాఫ్ట్‌వేరే, ఓపెన్ సోర్స్, బ్రౌజర్లో 2501 పోర్టు దగ్గర తెరుచుకుంటుంది. కానీ మీ పనికి అక్కర్లేదు. అది కార్డుని మానిటర్ మోడ్‌లో పెట్టి ఛానెల్ తర్వాత ఛానెల్ వింటుంది, ఆ సమయంలో ఆ కార్డుతో ఇంటర్నెట్ వాడలేరు. అందుకే విడిగా యూఎస్‌బీ అడాప్టర్ పెడతారు, ఎంటీ7612యూ చిప్పు ఉన్నదైతే డ్రైవరు లినక్స్ కెర్నెల్లోనే ఉంది. ఎవరి వల్ల నిండుతోందో తెలిసినా మీరు చెయ్యగలిగింది ఛానెల్ మార్చడమే, అది అయిపోయింది. ఎప్పుడైనా వాడితే దాని లాగుల్లో పక్కింటి వాళ్ల పరికరాల మ్యాక్ అడ్రసులన్నీ (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు అంకెలు) పడతాయి. చూశాక చెరిపెయ్యండి, ఎక్కడా పెట్టకండి.

ఇక ఎక్స్‌టెండర్. సిగ్నల్ లేని గదిలో పెడితే లేని సిగ్నల్‌నే మళ్లీ పంపుతుంది. మీ -82 గదిలో పెట్టి ప్రయోజనం లేదు. -60, -65 ఉండే చోట పెట్టాలి. మీ అంకెల ప్రకారం అది మెట్ల మలుపు, లేదా మేడ మీద ముందు గది తలుపు. అదే బ్యాండులో తీసుకుని అదే బ్యాండులో పంపే రకమైతే వేగం సగమవుతుంది.

నన్నడిగితే తీగ లాగండి. మేడ మీద రెండు గదుల మధ్య నడవాలో ఒక యాక్సెస్ పాయింట్ (తీగతో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టె), దానికి కింది రౌటర్ గిగాబిట్ పోర్టు నుంచి క్యాట్ 6 తీగ. 20 మీటర్ల లోపే అవుతుంది. ఈ తీగ కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత పూసినవి. లోపలి తీగని బ్లేడుతో గీకి చూడండి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం, వద్దనండి. అది వంచితే విరుగుతుంది, కొన్నాళ్లకి ఒక జత పోయి మళ్లీ 94 దగ్గర ఆగుతుంది. కరెంటు తీగలున్న పైపులో కలిపి లాగనివ్వకండి, విడి పైపు వెయ్యమనండి. బయటి గోడ మీదుగా పోతే ఎండకి మామూలు తీగ పైపొర పెచ్చులూడుతుంది, బయట వాడే రకం తీసుకోండి లేదా పైపులో దూర్చండి.

యాక్సెస్ పాయింట్‌గా పాత రౌటర్ ఉన్నా చాలు, 5 గిగాహెర్ట్జ్ ఉంటే. యాక్సెస్ పాయింట్ మోడ్ లేకపోతే దాని లాన్ ఐపీని కింది రౌటర్ వరసలోనే వేరే అంకెకి మార్చండి, కింది రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకి ఐపీ అడ్రసులు పంచే పని, ఆపండి. తీగని వాన్ పోర్టులో (ఇంటర్నెట్ వైపుది) కాదు, లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాల వైపుది) పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే ఇంట్లో సగం పరికరాలకి తప్పు గేట్‌వే వచ్చి, వైఫై ఉన్నా ఇంటర్నెట్ ఉండదు.

పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే పెట్టండి, ఛానెళ్లు మాత్రం వేరు. కింద 36 ఉంటే పైన 149. 2.4లో కింద 11, పైన 1. తర్వాత కింది రౌటర్ పవర్‌ని మధ్యస్థానికి తగ్గించండి. లేకపోతే ఫోన్ మేడ ఎక్కినా కింది రౌటర్నే పట్టుకుని వేలాడుతుంది, ఎందుకంటే ఎప్పుడు మారాలో తేల్చుకునేది ఫోనే, రౌటర్ కాదు.

అన్నీ అయ్యాక అవే చుక్కల్లో, అదే ఫోన్‌తో, అదే రాత్రి ఎనిమిదిన్నరకి మళ్లీ కొలవండి. మెట్ల మలుపులో రెండు రౌటర్ల 5 గిగాహెర్ట్జ్ అంకెలూ చూడండి. రెండూ -60, -67 మధ్య ఉంటే సరిగ్గా కుదిరినట్టు. అక్కడ రెండూ -50లో ఉంటే పవర్ ఇంకా తగ్గించొచ్చు, రెండూ -72 దాటితే పైదాన్ని మెట్ల వైపు ఒకటి రెండు మీటర్లు జరపండి. అందుకే తీగ చివర రెండు మీటర్లు అదనంగా చుట్టి వదలమనండి.